చర్చ: కాన్పు తర్వాత గర్భనిరోధం – ఏ పద్ధతి ఏ రోజు నుంచి, ఎవరికి, ఎప్పుడు చెప్పాలి?

గౌతమి_ఎంసీహెచ్ (చర్చ మొదలుపెట్టినవారు)

ఆశాలకు, కొత్తగా చేరిన ఏఎన్ఎంలకు ఇవ్వడానికి ఒక పేజీ కరపత్రం తయారవుతోంది. చిత్తుప్రతి ఇక్కడ పెడుతున్నా. మొహమాటం లేకుండా కొట్టేయండి, దిద్దండి.

"పాలివ్వని తల్లికి కాన్పు అయిన 21వ రోజు నుంచే రక్షణ కావాలి. పాలిచ్చే తల్లికి మూడు షరతులూ (నెలసరి రాకపోవడం, పూర్తిగా తల్లిపాలే ఇవ్వడం, బిడ్డకు ఆరు నెలలు నిండకపోవడం) కుదిరితే ఆరు నెలల దాకా పాలే రక్షణ. కాపర్ టీ మాయ పడిన 10 నిమిషాల్లో గానీ, 48 గంటల్లోపు గానీ వేయాలి. సిజేరియన్ అయితే గర్భసంచి కుట్టే ముందే. ఆ గడువు దాటితే మళ్లీ ఆరు వారాల తర్వాతే. ఛాయ (హార్మోను లేని గర్భనిరోధక) మాత్రలు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ పాలిచ్చే తల్లికి ఆరు వారాల నుంచి. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్ర పాలిచ్చే తల్లికి ఆరు నెలలు నిండాకే. ట్యూబెక్టమీ (ఆడవాళ్ల ఆపరేషన్) 7 రోజుల్లోపు, లేదంటే ఆరు వారాలు దాటాక. నిరోధ్ ఎప్పుడైనా. వేసెక్టమీ (మగవాళ్ల ఆపరేషన్) ఎప్పుడైనా, కానీ పనిచేయడానికి మూడు నెలలు పడుతుంది."

గడువుల సంగతి సరే. దీన్ని ఏ వరుసలో చెబితే వినేవాళ్లకు ఎక్కుతుంది, ఏది ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది మీరు చెప్పాలి.

---

ప్రసూతి_వార్డు

గడువుల్లో తప్పు లేదు. శీర్షికలోనే ఉంది చిక్కు. "కాన్పు తర్వాత" అని పెడితే ఆశా ఆ కాగితాన్ని కాన్పు తర్వాతే బయటికి తీస్తుంది. అప్పటికి సగం దారులు మూసుకుపోతాయి.

కాపర్ టీ సంగతే చూడండి. మాయ పడిన పది నిమిషాల్లో వేయాలంటే అంగీకారం ముందే ఉండాలి. నొప్పులు ముదిరిన మనిషి దగ్గర సంతకం తీసుకోకూడదు, అది అంగీకారం కిందికి రాదు. నొప్పులు మొదలవక ముందే, ఇంకా చెప్పాలంటే ఏడో నెల, ఎనిమిదో నెల పరీక్షకు వచ్చినప్పుడే మాట్లాడాలి. ఒప్పుకుంటే తల్లీబిడ్డల కార్డు మీద రాయాలి. కార్డు మీద లేనిది లేబర్ రూమ్‌లో రాత్రి డ్యూటీ వాళ్లకు తెలియదు. ట్రేలో కాపర్ టీ, పొడవాటి ఫోర్సెప్స్ (పట్టకారు) సిద్ధంగా పెట్టుకోవాలన్నా ముందే తెలియాలి.

ట్యూబెక్టమీ కూడా అంతే. "రెండో కాన్పులోనే చేయించేద్దాం" అనుకున్నవాళ్లు ఏడు రోజులు దాటాక వస్తే నెలన్నర ఆగాలి. మొదటి వారంలో గర్భసంచి ఇంకా బొడ్డు దగ్గర్లో ఉంటుంది కాబట్టి బొడ్డు కింద చిన్న కోతతో నాళాలు చేతికి అందుతాయి. తర్వాత అది కిందికి దిగుతూ ఉంటుంది, పైనుంచి అందదు; ఇన్ఫెక్షన్ భయమూ ఎక్కువ. ల్యాప్రోస్కోపీ, అంటే మనవాళ్లు డీపీఎల్ అనేది, ఆరు వారాలు నిండాకే.

అందుకని పేరు మార్చండి. "ఎనిమిదో నెలలో అడగాల్సింది" అని పెట్టండి.

---

లెక్కల_మేష్టారు

దీనికి లెక్కల ఆధారం ఒకటి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో ఆధునిక పద్ధతి వాడేవాళ్లు 70.8 శాతం. అందులో ఆడవాళ్ల ఆపరేషన్ ఒక్కటే 69.6 శాతం. తీసివేత చేయండి: కాపర్ టీ, మాత్రలు, ఇంజెక్షన్, నిరోధ్, వేసెక్టమీ అన్నీ కలిపినా 1 శాతం పైన కొంచెం. దేశం మొత్తానికి ఆపరేషన్ 37.9 శాతమే.

అంటే మన దగ్గర తెలియక కాదు. ఒకే పద్ధతి తెలుసు. మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ మధ్య ఎడం ఎలా అన్న ప్రశ్నకు ఊళ్లో జవాబు లేదు. "ఇద్దరు పుట్టాక కోయించేసుకుంటే సరి" అన్నదే మొత్తం ప్రణాళిక. మొదటి కాన్పుకీ ఆపరేషన్‌కీ మధ్య కాలంలో ఏ రక్షణా ఉండదు.

---

ఓరుగల్లు_ఏఎన్ఎం

మేష్టారు సార్ లెక్క మస్తు కరెక్టు. ఇంకొకటి సుత చెప్తా, గౌతమి మేడమ్. మన దగ్గర తొలిసూరు కాన్పు తల్లిగారింట్ల. ఏడో నెలల సీమంతం చేసి తోలుకపోతరు. బిడ్డ పుట్టినంక మూడో నెలనో, ఐదో నెలనో అత్తగారింటికి తోలుతరు. పరీక్షలు ఒక పీహెచ్‌సీల, కాన్పు ఇంకొక దవాఖానల, తర్వాత ఉండుడు మూడో ఊర్ల. తల్లిగారి ఊరి ఆశా "ఇప్పుడు మొగడు ఇక్కడ లేడు గదా, ఏం అవసరం" అని ఊకుంటది. అత్తగారి ఊరి ఆశాకు పిల్ల తిరిగొచ్చిందన్న ముచ్చటే టీకాల రోజుదాకా ఎరుక ఉండది. నడుమల జారిపోతది.

కాబట్టి కరపత్రంల ఇది రాయున్రి: అత్తగారింటికి పోయేటందుకు ముందే పద్ధతి మొదలైతే మంచిది, పోయినంక కాదు. టీకాల లెక్క సుత పనికొస్తది. ఆరు వారాలకు బిడ్డకు సూది వేయించనీకి తల్లి ఎట్లనైనా వస్తది. అదే రోజు తల్లికి అంతర ఇంజెక్షన్ మొదలుపెట్టొచ్చు. పది వారాలు, పద్నాలుగు వారాల టీకాలప్పుడు ఎట్ల ఉందో అడగొచ్చు. తల్లి కోసం వేరే రోజు పెడితే రారు.

మొదటి డోసుకు మాత్రం ఎంబీబీఎస్ డాక్టర్ చూడాలె. రెండో డోసు నుంచి మనం వేయొచ్చు. టీకాల రోజు సబ్‌సెంటర్ల డాక్టర్ ఉండడు, అదొక తిప్పలు.

---

సీమ_స్టాఫ్‌నర్సు

ఓరుగల్లు అక్క చెప్పినదానికి ఇంకో మాట. అంతర కార్డు తల్లి దగ్గరే ఉండాలి, సెంటర్‌లో పెట్టుకోకూడదు. ఊరు మారిన మనిషి కార్డు లేకుండా వస్తే ముందు డోసు ఎప్పుడు పడిందో తేల్చుకోలేం.

ఇంజెక్షన్ వేయడంలో జరిగే పొరపాట్లు చెబుతా. మందు వైలులో (చిన్న సీసాలో) అడుగుకు దిగిపోయి ఉంటుంది. బాగా కలిపి, అడుగున తెల్లగా ఏమీ మిగలకుండా చూసుకుని తీయాలి. అట్లే లాగితే పైనున్న నీరే సిరంజిలోకి వస్తుంది, మందు వైలులోనే ఉండిపోతుంది. 150 మిల్లీగ్రాములు, కండలోకి లోతుగా. వేశాక రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. రుద్దితే మందు తొందరగా కరిగిపోయి మూడు నెలలు నిలవదు. మనవాళ్లు సూది వేసిన చోట రుద్దకుండా ఉండలేరు, ఇంటికెళ్లాక అమ్మమ్మ వేడినీళ్ల గుడ్డ పెడుతుంది. అది ముందే చెప్పాలి.

తేదీ దాటితే? మూడు నెలలకు రెండు వారాలు ముందుగా వేయొచ్చు, నాలుగు వారాలు ఆలస్యంగా కూడా వేయొచ్చు. "నాలుగు రోజులు దాటింది, నెలసరి వచ్చాక రా" అని తిప్పి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. అంతర మీద ఉన్న మనిషికి నెలసరి రాకపోవడమే మామూలు. ఎప్పుడు వస్తుందని ఆగాలి? నాలుగు వారాలూ దాటిపోతే గర్భం లేదని నిర్ధారించుకుని వేయాలి, ఏడు రోజులు నిరోధ్ వాడమనాలి.

---

మందుల_చీటీ

షాపు కౌంటర్ దగ్గర కనిపించే గందరగోళాలు రాస్తున్నా, కరపత్రంలో ఒక మూల పెట్టండి.

మొదటిది, పూజలకీ వ్రతాలకీ నెలసరి వెనక్కి జరపడానికి వాడే నోరెథిస్టెరాన్ 5 మిల్లీగ్రాముల మాత్ర. అది గర్భం రాకుండా ఆపే మాత్ర కాదు. శ్రావణమాసంలో పది రోజులు వేసుకుని "ఈ నెల భయం లేదు" అనుకునేవాళ్లు కోకొల్లలు.

రెండోది, 72 గంటల మాత్ర. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు. పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. కానీ ఇది జరిగిపోయిన ఒక్కసారికే. ఆ తర్వాతి కలయికకు కాపలా ఉండదు. నెలకు మూడు సార్లు కొనేవాళ్లకు కావాల్సింది ఇది కాదు, రోజువారీ పద్ధతి.

మూడోది గర్భస్రావం కిట్. మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు, మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు. డాక్టర్ పర్యవేక్షణలో తొమ్మిది వారాల్లోపు మాత్రమే. చీటీ లేకుండా అమ్మకూడదు. బాలింత విషయంలో ప్రమాదం ఏంటంటే, కాన్పు తర్వాత నెలసరి ఒక్కసారి కూడా రాకుండానే గర్భం నిలిస్తే ఎన్ని వారాలో ఎవరికీ తెలియదు. స్కాన్ లేకుండా ఆ మందు ఇస్తే పన్నెండు వారాల గర్భానికి ఇచ్చినట్టు కావొచ్చు. సిజేరియన్ మచ్చ ఉన్న గర్భసంచి అయితే ఇంకా జాగ్రత్త కావాలి.

---

కావలి_పాఠకురాలు

ఒక సందేహం. నెలసరి రాకుండా గర్భం ఎలా వస్తుంది? మా వైపు పెద్దవాళ్లందరూ "బయట చేరేదాకా ఏం కాదు" అనే అంటారు.

---

ప్రసూతి_వార్డు

అండం విడుదలైన రెండు వారాలకు నెలసరి వస్తుంది. అండం ముందు, నెలసరి వెనక. మొట్టమొదటి అండానికే గర్భం నిలిస్తే నెలసరి రానే రాదు. పాలివ్వని తల్లికి నాలుగో వారంలోనే అండం విడుదల కావచ్చు. 21వ రోజు అనే గీత అక్కడ గీసింది అందుకే. బారసాల 21వ రోజున చేసే ఇళ్లలో గుర్తుపెట్టుకోవడం తేలిక: పోతపాల బిడ్డ అయితే బారసాల నాటికే ఏర్పాటు ఉండాలి.

---

డల్లాస్_ల్యాక్టేషన్

పాలే రక్షణ అన్న పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మన ఇళ్లలో అందరూ నమ్మేది ఇదే, సరిగ్గా చేయనిదీ ఇదే.

మూడు షరతులు. నెలసరి రాకూడదు. బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు. మూడూ ఒకేసారి ఉంటేనే 98 శాతానికి పైగా పనిచేస్తుంది. ఒక్కటి తప్పినా, అదే రోజు నుంచి ఇంకో పద్ధతి.

మన దగ్గర రెండో షరతు ఎక్కడ తెగుతుందంటే: ఎండాకాలం బిడ్డ నాలుక ఎండుతోందని చెంచాతో నీళ్లు, గ్రైప్ వాటర్, తేనె నాకించడం, రాత్రి తల్లి నిద్రపోవాలని ఒక సీసా పోతపాలు. ఎప్పుడో ఒక చుక్క నాకించినంత మాత్రాన ఈ రక్షణ పోదు (బిడ్డకు తేనె, నీళ్లు మంచివి కావన్నది వేరే సంగతి). పాల మధ్య ఎడం పెరిగితేనే పోతుంది. పగలు నాలుగు గంటలు, రాత్రి ఆరు గంటలు దాటకూడదు. బిడ్డ చీకుతుంటేనే మెదడుకు అండాన్ని ఆపమని కబురు వెళ్తుంది. రాత్రి సీసా అలవాటైన ఇంట్లో మొదట తెగేది ఆ కబురే. పంపుతో తీసి పట్టే పాలకు కూడా నోటితో చీకినంత బలం లేదు. ఇక్కడ అమెరికాలో ఉద్యోగాలకు తిరిగి వెళ్లే మన అమ్మాయిలకు ఇది ముఖ్యం: ఆఫీసుకు వెళ్లిన మొదటి వారమే ఈ పద్ధతి ముగిసిందని లెక్క వేసుకోవాలి.

మూడో షరతుకు అన్నప్రాసనను గుర్తుగా పెట్టండి. మగబిడ్డకు ఆరో నెల, ఆడబిడ్డకు ఐదో నెల చేసే ఇళ్లు ఉన్నాయి. ఐదో నెలలో అన్నం ముట్టిస్తే, ఆ రోజుతోనే ఈ రక్షణ అయిపోయింది. ఆరు నెలలు నిండలేదు కదా అనుకోకూడదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు: పాలిచ్చేటప్పుడు ప్రొజెస్టిన్ మాత్రమే ఉండే మినీ పిల్ ఇస్తారు. నోరెథిండ్రోన్ 0.35 మిల్లీగ్రాముల రకమైతే రోజూ ఒకే వేళకు. మూడు గంటలు ఆలస్యమైతే రెండు రోజులు నిరోధ్ తోడు కావాలి. డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాముల రకానికి 12 గంటల వెసులుబాటు. ఇండియాకు సెలవుల్లో వెళ్లినప్పుడు గడియారం మారుతుంది, వేళ తప్పేది అక్కడే.

---

ఓరుగల్లు_ఏఎన్ఎం

అన్నప్రాసన గుర్తు మంచిగున్నది. మా పిల్లలకు గదే చెప్తం.

---

సీమ_స్టాఫ్‌నర్సు

ఛాయ గురించి ఎవరూ రాయలేదు. చిత్తుప్రతిలో "ఎప్పుడైనా" అని ఒక్క ముక్కే ఉంది, అసలు చిక్కంతా వేసుకునే రోజుల్లో.

ఇది సెంట్‌క్రోమాన్, 30 మిల్లీగ్రాములు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టింది, బయట షాపుల్లో సహేలి పేరుతో దొరికేదీ ఇదే. ఇందులో హార్మోను లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు, నాలుగో నెల నుంచి వారానికి ఒకటి. మొదటి మాత్ర ఆదివారం వేసుకుంటే రెండోది బుధవారం, సోమవారమైతే గురువారం, మంగళవారమైతే శుక్రవారం. మూడు నెలలు అయ్యాక ఆ మొదటి మాత్ర వేసుకున్న రోజే మిగులుతుంది. మంగళవారం మొదలుపెట్టిన మనిషి ఇక ఎప్పటికీ మంగళవారమే, నెలసరి వచ్చినా రాకపోయినా.

స్ట్రిప్పులో 8 మాత్రలు. మూడు నెలలకు కనీసం మూడు స్ట్రిప్పులు, కొంచెం పైనే. ఒక స్ట్రిప్పు చేతికిచ్చి పంపిస్తే నెలకు అయిపోతుంది, మళ్లీ రాదు. మూడు నెలలవీ కలిపి ఇవ్వాలి.

ఎక్కడ తప్పుతుందంటే, ఒకటి, మాలా-ఎన్ లాగా రోజూ వేసుకునేస్తారు. రెండు, మొదటి నెల నుంచే వారానికి ఒకటి వేసుకుంటారు. అప్పటికి ఒంట్లో మందు కూడుకుని ఉండదు. మూడు, నెలసరి ఆలస్యమైతే భయపడి మానేస్తారు. ఛాయ మీద నెలసరి ఎడంగా, తక్కువగా రావడం సహజం, ముఖ్యంగా మొదటి మూడు నెలలు. కానీ 15 రోజులకు మించి వెనక్కి పోతే పరీక్ష చేయించాలి. మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, మామూలు రోజుల ప్రకారం కొనసాగించి, వచ్చే నెలసరి దాకా నిరోధ్ తోడు పెట్టుకోవాలి. ఏడు రోజులు దాటి మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి, వారానికి రెండు.

పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉన్నవాళ్లకు, ఈమధ్య పచ్చకామెర్లు వచ్చినవాళ్లకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. పీసీఓడీ అని అడక్కుండానే ఇస్తున్నారు చాలాచోట్ల.

---

ప్రసూతి_వార్డు

బాగా రాశారు. బాలింతకు నెలసరి లేదు కాబట్టి "మొదటి రోజు" ఎప్పుడు అని ఆశాలు అడుగుతారు. కాన్పు అయ్యాక ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, పాలకు ఇబ్బంది లేదు. నెలలు గడిచాక వస్తే మాత్రం ముందు గర్భం లేదని తేల్చుకోవాలి. దానికి ప్రతిసారీ మూత్రపరీక్ష అక్కర్లేదు. నాలుగు వారాల్లోపు కాన్పు అయిందా? ఆరు నెలల్లోపు బిడ్డకు పూర్తిగా తల్లిపాలే ఇస్తూ నెలసరి రాకుండా ఉందా? కాన్పు తర్వాత అసలు కలయికే లేదా? నెలసరి మొదలై ఏడు రోజులు దాటలేదా? వీటిలో ఒక్కదానికి అవును అన్నా చాలు, ఆ రోజే ఇవ్వొచ్చు. పైగా కాన్పు అయిన మొదటి మూడు నాలుగు వారాల్లో మూత్రపరీక్షను నమ్మలేం. పాత గర్భం హార్మోను ఇంకా ఒంట్లో ఉండి రెండు గీతలు చూపించొచ్చు.

---

గౌతమి_ఎంసీహెచ్

ఇవన్నీ చేరుస్తున్నా. కాపర్ టీ దగ్గర మాత్రం మీ అందరి మాటా కావాలి. ఎక్కువమంది "జారిపోతుంది, పైకి ఎక్కిపోతుంది" అనే కాదంటున్నారు.

---

ప్రసూతి_వార్డు

రెండు భయాల్లో ఒకటి నిజం. కాన్పు అయిన వెంటనే వేస్తే, ఆరు వారాల తర్వాత వేసిన దానికంటే జారిపోయే అవకాశం ఎక్కువే. నార్మల్ కాన్పులో ఎక్కువ, సిజేరియన్‌లో తక్కువ. పదిమందిలో ఒకరికి జారవచ్చని చెప్పి వేయడమే నిజాయితీ. దాచి వేస్తే, జారిన రోజున ఊరంతా కాపర్ టీని తిడుతుంది.

ఎందుకు జారుతుందంటే, ఎక్కువగా పైకప్పు దాకా చేరకపోవడం వల్ల. కాన్పు అయిన గర్భసంచి పెద్దది, వదులుగా, ముందుకు వంగి ఉంటుంది. కాపర్ టీ వేసే మామూలు గొట్టం (ఇన్సర్టర్) అక్కడిదాకా పోదు. పొడవాటి ప్లాసెంటా ఫోర్సెప్స్‌తో పట్టుకుని, రెండో చెయ్యి పొట్ట మీద పెట్టి గర్భసంచి పైభాగాన్ని నిలబెట్టి, కొన పైకప్పుకు తగిలిందని ఆ చేతికి తెలిసేదాకా తీసుకెళ్లాలి. ఫోర్సెప్స్ తెరిచి, పక్కకు జరిపి, తెరిచి ఉంచే బయటికి తీయాలి. మూసి లాగితే దారం పట్టుకుని కాపర్ టీ కూడా వెనక్కి వచ్చేస్తుంది. శిక్షణలో ఎక్కువమంది తడబడేది ఈ చివరి అడుగులోనే.

ఎవరికి వేయకూడదు: ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినవాళ్లకు, జ్వరం, దుర్వాసన లాంటి ఇన్ఫెక్షన్ గుర్తులున్నవాళ్లకు, రక్తస్రావం ఇంకా ఆగనివాళ్లకు. వీళ్లకు ఆరు వారాల తర్వాత చూడాలి. వేసేవాళ్లు తొందరలో ఈ తనిఖీ వదిలేస్తే వచ్చే ఇన్ఫెక్షన్ కాపర్ టీ పేరు మీద పడుతుంది.

"గుండెకు ఎక్కిపోతుంది" అన్నది అబద్ధం. గర్భసంచికీ గుండెకీ దారే లేదు. గర్భసంచి గోడ చిల్లు పడి పొట్టలోకి పోవడం ఉంది, చాలా అరుదు.

---

సీమ_స్టాఫ్‌నర్సు

దారం సంగతి కూడా రాయండి మేడమ్. సిజేరియన్‌లో వేసినప్పుడు దారాన్ని కింది నుంచి బయటికి తీయరు, గర్భసంచి కుంచించుకునేకొద్దీ దానంతట అదే దిగుతుంది. ఆరు వారాలకు కనిపించకపోవచ్చు. కనిపించలేదంటే జారిపోయిందని కాదు. స్కాన్ చేసి లోపల ఉందో లేదో చూడాలి. స్కాన్ చేయకుండా "పోయింది" అని ఇంకొకటి వేయకూడదు.

కాపర్ టీల్లో 380ఏ రకం 10 సంవత్సరాలు, 375 రకం 5 సంవత్సరాలు పనిచేస్తాయి. రెండూ ప్రభుత్వాసుపత్రుల్లో ఉంటాయి. ఏది వేశారో కార్డు మీద రాయకపోతే ఎప్పుడు తీయాలో ఎవరికీ తెలియదు.

---

ఓరుగల్లు_ఏఎన్ఎం

నాకు ఒక అభ్యంతరం ఉన్నది. ఆరు వారాలకు చూపించుకోనీకి వచ్చేటోళ్లు ఎంతమంది? వేసుడు ఒక దవాఖానల, మనిషి ఉండుడు ముప్పై కిలోమీటర్ల దూరంల. జారిపోయినా తెల్వక, ఉన్నదనుకొని ఉంటది. ఆరు వారాలకు చూసే ఏర్పాటు లేని కాడ కాన్పు గదిల అందరికి వేసుడు నాకైతే నచ్చదు. లెక్క కోసం వేస్తున్నరనిపిస్తది.

---

ప్రసూతి_వార్డు

లెక్క కోసం వేయకూడదు, అక్కడ మీతో వాదన లేదు. కానీ ఏర్పాటు లేదని అసలు చెప్పకపోతే ఆ మనిషికి మిగిలేది ఏంటి? మూడో నెలలో అత్తగారింటికి, ఏడాది తిరిగేసరికి మళ్లీ కాన్పు. కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆ కోత మానకముందే వచ్చే రెండో గర్భం ఎంత ప్రమాదమో మీకు చెప్పాలా? పదిమందిలో తొమ్మిదిమందికి నిలుస్తుంది. ఆ పదో మనిషికి గుర్తులు చెప్పి పంపాలి: పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, గట్టి ప్లాస్టిక్ కొన చేతికి తగలడం, దారం ఉన్నట్టుండి పొడవుగా రావడం, లేదా ముందు తగిలిన దారం తగలకపోవడం.

---

ఓరుగల్లు_ఏఎన్ఎం

గుర్తులు చెప్పున్రి, మంచిదే. దాంతోటి మా ఊర్లె తనిఖీ రోజు సుత రాసియ్యున్రి కార్డు మీద. అప్పటిదాకా నా మాట మీద నేనుంట.

---

లెక్కల_మేష్టారు

ఇంకో కారణం కూడా ఉంది కాపర్ టీని కాదనడానికి. వేయించుకోవడం తేలిక, తీయించుకోవడం కష్టం. రక్తస్రావం ఎక్కువవుతోందని వస్తే "ఇంకో నెల చూడు" అంటారు, మళ్లీ వస్తే మళ్లీ అదే. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా అవుతుందన్నది నిజమే, ఐరన్ మాత్రలతో, నొప్పి మాత్రతో సర్దుకోవచ్చు. అయినా తీయమంటే తీయాలి, కారణం అడిగి వాదించకూడదు. ఈ ఒక్క వాక్యం కరపత్రంలో ఉంటే వేయించుకునేవాళ్లు పెరుగుతారని నా అంచనా.

---

మందుల_చీటీ

నిరోధ్ గురించి రెండు వాక్యాలు. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉండి యోని పొడిబారుతుంది, అందుకని కొబ్బరినూనె వాడతారు. కొబ్బరినూనె, వ్యాజలిన్, బేబీ ఆయిల్ ఏది తగిలినా రబ్బరు నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. నీళ్లతో చేసిన జెల్ వాడాలి. "నిరోధ్ చిరిగింది" అని 72 గంటల మాత్రకు వచ్చేవాళ్లను నూనె సంగతి అడిగితే చాలాసార్లు అదే కారణం.

టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకు, కొన్ని మూర్ఛ మందులు వాడేవాళ్లకు గర్భనిరోధక మాత్రల బలం తగ్గుతుంది. అంతర ఇంజెక్షన్‌కు, కాపర్ టీకి ఆ ఇబ్బంది లేదు. చీటీలో ఆ మందులు కనిపిస్తే అడగండి.

---

కావలి_పాఠకురాలు

ఆపరేషన్‌కు భర్త సంతకం తప్పనిసరా? మొదటి కాన్పులో కవలలు పుడితే వెంటనే చేస్తారా?

---

ప్రసూతి_వార్డు

భర్త అంగీకారం చట్టప్రకారం అక్కర్లేదు. ఆమె సంతకం చాలు. నిబంధనలు: పెళ్లయి ఉండాలి, వయసు 22 నుంచి 49 మధ్య, కనీసం ఒక బిడ్డకు ఏడాది దాటి ఉండాలి. కవలలకు ఏడాది నిండదు కాబట్టి, వైద్య కారణం లేకపోతే వెంటనే చేయరు. హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తక్కువ ఉంటే వాయిదా. రెండో బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉంటే తొందరపెట్టకండి. ఆ వారంలో తీసుకునే నిర్ణయానికి తర్వాత ఏడ్చేవాళ్లు ఎక్కువ. అంతర, ఛాయ ఉన్నాయి కదా, ఆగొచ్చు.

ఆపరేషన్ కూడా నూటికి నూరు కాదు, సుమారు 200 మందిలో ఒకరికి విఫలమవుతుంది. నెలసరి తప్పితే రెండు వారాల్లోపు ఆసుపత్రికి రావాలి. పరిహారం అడగాలంటే 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. డిశ్చార్జి చీటీ, ఆపరేషన్ సర్టిఫికెట్ పారేస్తే దరఖాస్తు ముందుకు కదలదు.

---

లెక్కల_మేష్టారు

క్యాంపుల గురించి ఒక్కమాట. 2016లో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో క్యాంపు ఆపరేషన్లను మూడేళ్లలో ఆపేయమంది. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు జరిగిన డీపీఎల్ ఆపరేషన్ల తర్వాత నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. తేదీ, ఆసుపత్రి ఎంచుకునే హక్కు తల్లిదే. "ఈ నెల టార్గెట్ ఉంది, రేపే రా" అంటే రానక్కర్లేదు.

మగవాళ్ల ఆపరేషన్ కోత, కుట్టు లేకుండా అయిపోతుంది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాకు దానిలో పెద్ద పేరు. ఇప్పుడు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే నమ్మాలి.

---

నిర్వాహకుడు

జనాభా విధానం మీద, ఎక్కువమందిని కనాలా వద్దా అన్న దాని మీద వచ్చిన మూడు పోస్టులను వేరే చర్చకు మార్చాం. ఇక్కడ పద్ధతుల గురించే.

---

గౌతమి_ఎంసీహెచ్

శీర్షిక "ఎనిమిదో నెలలో అడగాల్సింది" అని మారింది. వరుస కూడా మార్చా: ముందు "మళ్లీ బిడ్డ ఎప్పుడు కావాలి, ఎక్కడ ఉంటావు, పాలు ఎవరు పడతారు" అనే మూడు ప్రశ్నలు, ఆ జవాబులను బట్టి పద్ధతులు. కార్డు మీద రాయాల్సినవి ఒక గడిలో: ఒప్పుకున్న పద్ధతి, కాపర్ టీ రకం, తనిఖీ రోజు, తనిఖీ జరిగే ఊరు. చివరి గడి ఓరుగల్లు అక్క మాట మీద పెట్టినదే. ఒక్కటి తేలలేదు. అంతర మానేశాక గర్భం ఎప్పుడు వస్తుందన్నది ఎలా రాయాలి? "ఆలస్యం అవుతుంది" అని రాస్తే పిల్లలే పుట్టరనుకుంటారు.

---

సీమ_స్టాఫ్‌నర్సు

నెలల్లో రాయండి. చివరి ఇంజెక్షన్ వేసిన రోజు నుంచి 7 నుంచి 10 నెలలు పడుతుంది. అందులో మూడు నెలలు ఎలాగూ మందు పనిచేసే కాలమే. రెండో బిడ్డ ఫలానా సంవత్సరం కావాలని ముందే అనుకున్నవాళ్లకు ఏడాది ముందు ఆపమని చెప్పి, మధ్యలో కావాలంటే ఛాయకు మారమనొచ్చు. తొందరగా కావాలనుకునేవాళ్లకు మొదటే అంతర వద్దు, కాపర్ టీ గానీ ఛాయ గానీ. కాపర్ టీ తీసిన నెలలోనే గర్భం రావొచ్చు.

---

ఓరుగల్లు_ఏఎన్ఎం

గంతే. ఇంకొకటి, ప్రింటు వేసేటప్పుడు అక్షరాలు పెద్దగ వేయున్రి మేడమ్. మా ఆశాలల్ల సగం మందికి దగ్గరి చూపు ఆనది.